నాన్న పేరున పడని పదిహేను రోజులు

మా నాన్నకి ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. పెద్ద బొత్తాం అంత ఉంటుంది, మీద నంబరు. రాయ్‌పూర్‌లోని మోవాలో మా ఇంటి నుంచి బిలాస్‌పూర్ రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ రోలింగ్ మిల్లుకి వెళ్ళేవాడు. అక్కడ ఎర్రగా కాలిన ఇనుప కడ్డీని పట్కారుతో పట్టి యంత్రం నోట్లోకి తోయడం ఆయన పని. గేటు దగ్గర బిళ్ళ ఇస్తే ఆ రోజు హాజరు పడినట్టే. గేటు మనిషి నంబరు చూసేవాడు గానీ మొహం ఎన్నడూ చూడలేదు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మావాళ్ళు పాతికమంది దాకా ఆ మిల్లులో ఉండేవారు. వాళ్ళు ఊరికి వెళ్ళాల్సివస్తే సెలవు అడిగేవారు కాదు. అడిగితే కాంట్రాక్టరు పేరు కొట్టేస్తాడని భయం. తమ బిళ్ళ ఏ చుట్టానికో ఇచ్చి విజయనగరం బండెక్కేవారు. ఆ చుట్టం తన బిళ్ళ ఇంట్లో పెట్టి, వెళ్ళినవాడి బిళ్ళతో పనికి పోయేవాడు. దీన్ని 'బదలీ' అనేవారు. కూలి ఎవరు చేస్తే వాళ్ళింటికే చేరేది కనుక ఇందులో నష్టం ఉందని ఎవరికీ తట్టలేదు. మాకూ తట్టలేదు.

రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం వేరుపడి నాలుగైదేళ్ళయిన రోజులవి. నేను పదకొండో క్లాసు. ఆ వేసవిలో మిల్లు మూతపడి వానలకి గానీ తెరుచుకోలేదు. తెరుచుకున్న కొద్దిరోజులకే, అదే మిల్లులో పనిచేసే మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, పరుగున వచ్చాడు. ఊళ్ళో అత్తయ్యకి కాన్పు కష్టమైందట, తన బిళ్ళతో నాన్నని వెళ్ళమన్నాడు. నాన్న గొణిగాడు. మొన్ననే తెరిచారు, ఇప్పుడు తన నంబరు మానితే బాగోదన్నాడు.

"నువ్వు పాతోడివి, నీ పేరెవుడు కొడతాడు? ఆడు కొత్తోడు. పదేను రోజులు ఆడి బిళ్ళ అట్టుకెల్లు. ఆడి నౌకరీ నిలబడతాది," అంది అమ్మ.

అమ్మ మాట అంటే మా ఇంట్లో సుప్రీంకోర్టు. నాన్న తన బిళ్ళని బియ్యం డబ్బా మూత మీద పెట్టి, పదిహేను రోజులు మామయ్య బిళ్ళతో వెళ్ళాడు. అక్కడ ఊళ్ళో ఆడపిల్ల పుట్టింది, తల్లీపిల్లా క్షేమం. మామయ్య తిరిగొచ్చి మాకు పూతరేకుల పెట్టె ఇచ్చాడు.

సంక్రాంతి వెళ్ళాక అమ్మకి ఆయాసం మొదలైంది. బిందె ఎత్తితే కూర్చునేది, కూర్చుంటే లేవలేకపోయేది. గుండెలో కవాటం పాడైందని, మూడు నాలుగు నెలల్లో ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడు. సర్కారు ఆస్పత్రిలో వరుస వచ్చేసరికి ఏడాది పట్టొచ్చన్నారు. నాన్న భయపడలేదు. మిల్లు తరఫున ఆయనకి బీమా కార్డు ఉంది. అందులో అమ్మ ఫోటో, నా ఫోటో ఉన్నాయి. కార్డు ఉన్నవాళ్ళకి పెద్ద ఆస్పత్రిలో ఆపరేషన్ చేయిస్తారని ఆయనకి తెలుసు.

బీమా ఆఫీసుకి నన్ను వెంట తీసుకెళ్ళాడు. పాతికేళ్ళుగా రాయ్‌పూర్‌లో ఉన్నా, కిటికీ అవతల మనిషి కనిపిస్తే ఆయన హిందీ గొంతులోనే ఆగిపోయేది. గుమాస్తా రిజిస్టరు మీద వేలు నడిపించి, "ఉన్‌హత్తర్. నౌ దిన్ కమ్ హై," అన్నాడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు నెలల్లో డెబ్భై ఎనిమిది రోజులు పనిచేసి ఉంటేనే జనవరి నుంచి జూన్ దాకా కార్డు చెల్లుతుంది. నాన్నవి అరవైతొమ్మిదే ఉన్నాయి, తొమ్మిది తక్కువ. ఇక జులైలోనే రమ్మన్నాడు. అతను కసురుకోలేదు కూడా. కసురుకుని ఉంటే తిట్టుకోవడానికి నాకొక మనిషైనా దొరికేవాడు.

నాన్నకి తెలుగులో చెప్పాను. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, "పదేను కలిపితే?" అన్నాడు. కలిపితే ఎనభై నాలుగు. ఆ మాట నేను కిటికీలోకి చెప్పొచ్చు. నోరు నాదే, భాషా నాకు వచ్చు. చెబితే మామయ్య ఏమవుతాడోనని ఇంటికెళ్ళి అమ్మని అడుగుదామనుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

అమ్మ ఒప్పుకోలేదు. "సెప్తే ఆడి పేరు కొట్టేస్తారు. మనోల్లందరి బదలీలూ బయటపడతాయి. పాతిక కొంపలు. నా ఆయాసానికి పాతిక కొంపలు ఆర్పుతావా?"

మామయ్య వచ్చి గడపలో కూర్చున్నాడు. "నాను సెప్పేస్తానప్పా," అని అక్కతో అన్నాడు. చెప్పనని అమ్మ అతని కూతురి మీద ఒట్టు వేయించుకుంది. మామయ్య ఆ ఒట్టుని నిలబెట్టుకున్నాడు. అంత బుద్ధిగా నిలబెట్టుకున్నందుకు ఏళ్ళ తరబడి అతని మీద నాకు కోపం ఉండేది. ఇప్పుడు లేదు. చెప్పి ఉంటే ఆ రోజులు నాన్న పేరున రాసేవారో, బావా బావమరుదులు ఇద్దరినీ గెంటేసేవారో నాకు ఈనాటికీ తెలియదు. చెప్పి చూడలేదన్నది మాత్రం తెలుసు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత నాన్న ఒక్క రోజు మానలేదు. జులైలో కార్డు చెల్లాలంటే అక్టోబరు నుంచి మార్చి దాకా రోజులు నిండాలి. నిండాయి. అయినా భయం తీరక ఏప్రిల్, మే నెలల్లోనూ జ్వరంతోనే వెళ్ళాడు. అమ్మ గోడకి దిండ్లు పెట్టుకుని కూర్చుని నిద్రపోయేది. పడుకుంటే ఊపిరి అందదు. నేను పరీక్షలకి చదువుతుంటే, "జులై ఎంతో దూరం లేదే," అని నాకే ధైర్యం చెప్పేది. నేను క్యాలెండరు వైపు చూడడం మానేశాను.

జూన్ ఆఖరి వారంలో, మొదటి వాన పడిన మధ్యాహ్నం, అమ్మ మంచినీళ్ళు అడిగింది. నేను గ్లాసుతో వచ్చేలోపే తల వాల్చేసింది. నాన్న మిల్లులో ఉన్నాడు, తన సొంత బిళ్ళ మీద. మామయ్యే సైకిలు మీద వెళ్ళి పిలుచుకొచ్చాడు.

కర్మకాండ అయ్యాక, జులై మధ్యలో, కార్డులోంచి అమ్మ పేరు తీయించడానికి వెళ్ళాం. అదే కిటికీ, అదే గుమాస్తా. కార్డు నంబరు చూసి, మేం చెప్పేలోగానే కొత్త రిజిస్టరు తీశాడు. మొహం విప్పారింది. "చాలూ హో గయా. అబ్ మరీజ్ కో లే ఆయియే," అన్నాడు. కార్డు మళ్ళీ చెల్లుతోందట, ఇక రోగిని తీసుకురావచ్చట. మంచివాడు, మమ్మల్ని గుర్తుపెట్టుకున్నాడు.

నేను నోరు తెరిచేలోపు నాన్న కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆరు నెలలుగా మింగిన మాటని, తనకి నోరాడే ఒక్క భాషలో, తెలుగులో చెప్పాడు. "ఆ పదేను రోజులూ పని సేసింది నానే బాబూ. బిళ్ళ నాది కాదు గానీ, సేతులు నావే. సూడు." మిల్లు కడ్డీలకి కాలి మచ్చలుపడ్డ అరచేతులు తిప్పి చూపించాడు.

గుమాస్తా ఆ చేతులకేసి చూసి, ఏమంటున్నాడని నన్ను హిందీలో అడిగాడు. బయట వరండాలో మామయ్య, కర్మకాండకి ఊరి నుంచి వచ్చిన తన చంటి కూతుర్ని ఎత్తుకుని మాకోసం నిలబడి ఉన్నాడు.

"ఏం లేదు. అమ్మ పేరు కొట్టేయండి," అని హిందీలో చెప్పాను.