బ్రేకు తొక్కే మనిషి

మొన్న మా అల్లుడు తన కారును సర్వీసుకు ఇవ్వడానికి మదనపల్లెకు పోతూ, ఇంట్లో ఒక్కదానివే ఉండి ఏం చేస్తావని నన్నూ వెంటబెట్టుకుపోయాడు. అక్కడ అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. అద్దానికి అవతల కారును ఎత్తి పెట్టి, ఒక్కడే మనిషి ముందు చక్రం దగ్గర నిలబడి, బ్రేకుకు సన్నటి గొట్టం తగిలించి ఏదో మిషను వేసుకున్నాడు. గొట్టంలో నూనె పోతోంది, నూనెతో పాటు బుడగలూ పోతున్నాయి. కారులో చూస్తే డ్రైవరు సీటు ఖాళీ. నాకు ఉండబట్టలేదు. లేచిపోయి, లోపల మనిషి లేకుండా బ్రేకు ఎవరు తొక్కుతారప్పా అని అడిగాను.

"ఎవరూ తొక్కబన్లేదవ్వా, మిషనే లాగేస్తాది" అన్నాడు.

సరేలే అని వచ్చి కూర్చున్నాను. చెప్పులో నా కుడికాలు మాత్రం దానంతట అదే వంగి లేస్తోంది.

నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు కూడబలుక్కోవడం తప్ప చదువు రాదు. గొంతు కూడా పాడైపోయింది, గచ్చు మీద రేకు ఈడ్చినట్టుందని మనవరాలు నవ్వుతుంది. నేను చెబుతుంటే అదే రాస్తోంది. నా ఈడు వాళ్ళకైతే ఎక్కువ చెప్పనక్కర్లేదు, సగం చెబితే మిగతాది మీకే తెలుస్తుంది.

తొంభైలలో పుంగనూరు బస్టాండు దగ్గర బాడుగకు తిరిగే అంబాసిడర్ మా ఆయనది. అప్పటికే అది ముసలి బండి. మీసం మొలిచినప్పటి నుంచీ ఆయన స్టీరింగు తప్ప ఇంకొకటి పట్టి ఎరగడు. ఒక వేసవిలో పెళ్ళివాళ్ళను ఎక్కించుకొని, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగుతుంటే, తొక్కీ తొక్కీ బ్రేకు డ్రమ్ములు కాలిపోయి, పెడలు మెత్తగా కిందికి దిగిపోయి, బండి ఆగలేదు. లోయ వైపు పోనీయకుండా కొండ పక్కన ఉన్న మట్టిగుట్టకు గుద్దించి ఆపాడు. ఎవరి ప్రాణాలూ పోలేదు గానీ పెళ్ళికొడుకు వాళ్ళ అవ్వకు చెయ్యి విరిగింది. ఆ ముసలామె ఆయన్ను ఒక్క మాటైనా అనలేదు. అనుంటే బాగుండేదని ఆయన తర్వాత చాలాసార్లు అన్నాడు.

బండి బాగైంది గానీ ఆయన బాగుపడలేదు. పొద్దున్నే స్టాండుకు పోయి కూర్చునేవాడు, ఘాటు దిగే బాడుగ వస్తే పక్కవాడిని చూపించేవాడు. ఆ తర్వాత, ఎత్తుపల్లాలు పెద్దగా లేని మదనపల్లె దారికి కూడా పోనన్నాడు. నేను రోజూ బస్సెక్కి టమోటా మార్కెట్టుకు పోయి, పండ్లు ఏరే పనిలో నడుము పడిపోయేలా కూర్చొని ఇల్లు నడిపాను. అలసట అన్న మాటకు అర్థం నాకు అప్పుడే తెలిసింది, ఇప్పటికీ తీరలేదు.

అప్పుడు మదనపల్లె షెడ్డు మేస్త్రీ ఒకాయన, కొత్తగా వచ్చే అంబాసిడర్లకు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు ఉంటున్నాయి, అవి దీనికి కూడా పడతాయి అని ఆశ పెట్టాడు. చక్రంతో పాటు ఇనుప పళ్ళెం తిరుగుతుంది, దాన్ని రెండు పక్కల నుంచీ పట్టకారులా బిగించి పట్టే దిమ్మెను క్యాలిపర్ అంటారు. బెంగళూరులో పాత ఇనుము అమ్మే గుజిరీ అంగళ్ళు తిరిగి మా ఆయన ఒక జత తెచ్చాడు. పళ్ళేలు మేస్త్రీ బిగించి ఇచ్చాడు గానీ, క్యాలిపర్లను మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వనన్నాడు. ఇది కూడా నిలబడకపోతే సోమవారం బండిని తూకానికి ఇచ్చేసి నీతో పాటు గంపలు మోస్తానని నాతో చెప్పాడు. గుజిరీ అతనికి అప్పటికే కబురు పెట్టేశాడు.

వాకిట్లో గోనెపట్ట పరచుకొని, తుప్పు పట్టిన పిస్టన్లను గాలి కొట్టి బయటికి తన్నించి, ఎమ్రీ కాగితంతో అద్దంలా రుద్దాడు. మా అత్త సాయం చేద్దామని కొత్త రబ్బరు వలయాలు కడగడానికి స్టవ్వులో కిరసనాయిలు తెస్తే, తగిలితే రబ్బరు ఉబ్బిపోతుందని లాక్కొని, బ్రేకు నూనెలోనే తడిపి ఒక్కొక్కటే కూర్చాడు. ఈ రబ్బరుకు జరిగే మర్యాద మా అల్లుళ్ళకు కూడా జరగలేదని ఆమె గొణుక్కుంటూ పోయింది.

బిగించాక గొట్టాల్లో గాలి తీయాలి, గాలి మిగిలితే పెడలు మెత్తగా దిగిపోతుంది. దానికి రెండో మనిషి కావాలి. నన్ను డ్రైవరు సీటులో కూర్చోబెట్టి ఆయన చక్రం కింద దూరాడు. తొక్కు అంటే తొక్కాలి, పట్టుకో అంటే కాలు ఎత్తకుండా పట్టాలి, ఆయన చిన్న నట్టు వదులు చేసి, నూనెతో బుడగలు పోయాక బిగించి, వదులు అంటే వదలాలి. శనివారమంతా తొక్కాను. పెడలు తడిసిన గుడ్డ మీద కాలు పెట్టినట్టే ఉంది. ఆదివారమూ అంతే.

"సంగటి తిన్న కాలేనా మే అది?" అన్నాడు కింద నుంచి.

"సంగటి తిన్న కాలే. కావాలంటే నువ్వొచ్చి తొక్కు, నేను కింద పండుకుంటా" అన్నాను.

ఆయన బయటికి వచ్చి నీళ్ళ తొట్టి పక్కన చతికిలబడ్డాడు. నాకు వంట గుర్తొచ్చి బిందె తెచ్చి తొట్టిలో ముంచాను. బుడబుడమని గాలి పైకి వచ్చింది. ఆయన నా చెయ్యి పట్టుకొని ఆపాడు.

"ఇంగోసారి ముంచు."

మనిషికి మతి పోయిందనుకొని భయపడుతూనే ముంచాను. ఆయన ఆ బుడగల్నే చూసి నవ్వాడు. ఘాటు దిగిన రోజు తర్వాత నవ్వడం అదే మొదలు. ఇంజను నూనె దించే నట్టు ఎప్పుడూ అడుగునే ఉంటుంది కదా, ఆ అలవాటు కొద్దీ గాలి తీసే ఈ నట్టు కూడా కిందికే ఉండాలనుకొని, కవలపిల్లల్లా ఉన్న ఆ రెండు క్యాలిపర్లలో కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి బిగించాడట. మేము కింద నుంచి నూనె తీస్తుంటే గాలి పైన హాయిగా కూర్చుంది. విప్పి మార్చి, నట్టు పైకి వచ్చేలా బిగించి, మళ్ళీ తొక్కమన్నాడు. పొద్దు వాలేసరికి కాలి కింద పెడలు రాయిలా నిలబడింది.

సోమవారం గుజిరీ అతనికి టీ తాగించి పంపేశాడు. అయినా ఘాటు మిగిలే ఉంది. తాళం చేతిలో పెట్టుకొని వాకిట్లో చాలాసేపు నిలబడి, "నువ్వు రాకుంటే నేను దిగలేను మే" అన్నాడు. ఆ రోజు నేను పనికి పోలేదు. ముందు సీటులో కూర్చున్నాను. మొగిలి మలుపుల్లో ఆయన కాలితో పాటు నా కాలు కూడా నేలను తొక్కుతూనే ఉంది. కిందికి దిగాక టీ అంగడి ముందు ఆపి, పోయి చక్రం సందులోంచి పళ్ళేన్ని తాకి, వేలు చురుక్కుమంటే నోట్లో పెట్టుకున్నాడు. దిగొచ్చినామని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు వి.కోట మీదుగా కుప్పం ఆసుపత్రికి రోగులను తీసుకుపోయాడు, గుడుపల్లె పెళ్ళిళ్ళకు తిప్పాడు. రబ్బర్లు మార్చినప్పుడల్లా నన్నే పిలిచేవాడు. మేము పోట్లాడి మాటలు మానుకున్న రోజుల్లో కూడా తొక్కు, పట్టుకో, వదులు అనే ఆ మూడు మాటలు తప్పేవి కావు. రెండు వేల సంవత్సరం దాటాక స్టాండులోకి చిన్న చిన్న కొత్త కార్లు వచ్చాయి, మా బండిని అడిగేవాళ్ళు తగ్గారు, ఆయనకు రొమ్ములో ఆయాసం ముదిరింది. ఆయన పోయాక కారు తూకానికే పోయింది. లారీ దాకా నెట్టుకుపోతూ, లోపల బ్రేకు చూసుకోవడానికి ఒక మనిషి కావాలి అన్నారు. నేనే ఎక్కి కూర్చున్నాను. ఆపమన్న చోట తొక్కాను. అప్పటికీ అది రాయిలాగే ఉంది.

మొన్న వచ్చేటప్పుడు అల్లుడు అడిగాడు, ఏమత్తా మాట్లాడవు, అలసిపోయినావా అని. అలసిపోయాననే చెప్పాను. ఒక్క మనిషే చేసిన పని, అయినా పుంగనూరు దాకా బ్రేకు బాగానే పట్టింది.