మూత ఎత్తి చూసే రోశమ్మ

రోశమ్మ పిన్నికి ఒకరి మాట నమ్మడం చేతకాదు. పాలు పోసేవాడి ముందే చెంబులో వేలు ముంచి చూస్తుంది. నేను జ్వరమంటే నుదురు పట్టుకుని, నాలుక చూసి, అబద్ధం కాదని తేలాకే మాత్ర తీస్తుంది. నరసరావుపేటలో మాది పక్కిల్లు. ఈ సంగతి జరిగేనాటికి నాకు పాతికేళ్లు. వీధంతా ఆమెను అనుమానాల నర్సు అనేవాళ్లం.

దానికి కారణం లేకపోలేదు. రొంపిచెర్లలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, "సూదులు ఉడకబెట్టానమ్మా" అన్న ఆయా మాట నమ్మి ఒక బాలింతకు ఇంజెక్షన్ చేసింది. చెయ్యి చీము పట్టి ఆ మనిషి నెలరోజులు బిడ్డను ఎత్తుకోలేకపోయింది. ఆనాటి నుంచి ఎక్కడ పనిచేసినా సూదులు ఉడికే గిన్నె మూత ఎత్తి చూసిగానీ పని మొదలుపెట్టదు. పదహారేళ్లలో వందలకొద్దీ కాన్పులు చేసింది. కలెక్టరు సర్టిఫికెట్టు ఇస్తే, సంతకం అసలుదేనా అని దాన్నీ వెలుతురుకు పెట్టి చూసింది.

1987 వేసవిలో ఆమెకు ఒకే వారంలో రెండు కబుర్లు వచ్చాయి. ఒకటి సూపర్‌వైజరుగా ప్రమోషన్, దూరాన నూజెండ్లలో; వద్దంటే మళ్లీ రాదు. రెండోది మా ఊళ్లోనే కొత్తగా నర్సింగ్ హోమ్ పెట్టిన డాక్టరు ప్రభాకరరావు పిలుపు. గవర్నమెంటు ఉద్యోగం మానేసి వస్తే పెద్ద నర్సుగా పెట్టుకుంటానన్నాడు, జీతం రెట్టింపు. పిన్ని భర్త చిన్నకోటయ్య బాబాయి లారీ మీద నుంచి పడి, నడుము పోయి మంచాన ఉన్నాడు. ఆయన్ని లేవదీయాలన్నా, నీళ్లు పోయాలన్నా పిన్నే. నూజెండ్ల వెళితే వారానికోసారి వస్తే గొప్ప. ఇందులో ఆలోచించేదేముందని నాకు చిరాకు వేసింది.

"ఒరేయ్, ఊళ్లో ఇంతమంది నర్సులుంటే నన్నే ఎందుకు పిలిచాడు?" అంది పిన్ని.

"నీకు పేరుంది కాబట్టి."

"నా పేరుతో ఆయనకేం పని?"

బాబాయి మంచం మీది నుంచి, "పోయి చూసిరా. చూడకుండా ఊరుకుంటావా ఏంది," అన్నాడు.

ఆ రోజు నాకు నిజంగానే జ్వరం. రోగిగా నన్ను వెంటబెట్టుకుని పోయింది. నర్సింగ్ హోమ్ తళతళలాడుతోంది. వరండాలో కూర్చున్నవాళ్లందరికీ కనబడేలా పొయ్యి మీద గిన్నె పెట్టి ఉంది. ఆవిరి చిమ్ముతోంది.

"మీరు పట్టింపు మనిషని విన్నాను సిస్టర్," అన్నాడు డాక్టరు. "మా దగ్గర పొద్దున్నుంచి రాత్రిదాకా పొయ్యి ఆరదు."

పిన్ని ముఖం తేటపడింది. "ఇంటి దగ్గరే ఉండొచ్చురా," అని నా చెవిలో అంది. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అక్కడి నర్సు బీబీ ట్రేలోంచి సిరంజి తీసి నా చెయ్యి పట్టుకుంది. "ఉండమ్మా," అని పిన్ని లేచి, అలవాటుకొద్దీ పొయ్యి దగ్గరకు పోయి, చెంగుతో పట్టుకుని మూత ఎత్తింది. నీళ్లు సలసలా మరుగుతున్నాయి. లోపల ఒక్క సూదీ లేదు, ఒక్క సిరంజీ లేదు.

"పొద్దున్నుంచి ఆ సిరంజితో ఎంతమందికి చేశావు తల్లీ?" అని అడిగింది. బీబీ డాక్టరు వంక చూసి సిరంజిని మళ్లీ ట్రేలో పెట్టేసింది. పిన్ని నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

దారిలో అంది: "జనం నమ్మడానికి ఆ పొయ్యి పెట్టాడు. అది చాలక నన్ను పిలిచాడు."

ఇంటికి రాగానే బాబాయి, "ఏమే, సూదుల పొయ్యి ఎలుగుతా ఉందా?" అన్నాడు ఆశగా.

"బ్రహ్మాండంగా ఎలుగుతా ఉంది, ఉత్త నీళ్ల కింద," అంది పిన్ని.

ఆయనకు అర్థమైంది. పిన్ని ఆయన్ని లేవదీసి కూర్చోబెట్టి, తడిగుడ్డతో వీపు తుడిచింది. తర్వాత నావైపు తిరగకుండానే అంది:

"నీ జ్వరం తగ్గాక, రోజూ మీ బాబాయికి నీళ్లు పోస్తావా?"

"పోస్తా పిన్నీ."

రెండోసారి అడుగుతుందని కాచుకుని ఉన్నాను. అడగలేదు. నూజెండ్ల బస్సు ఎన్నింటికో కనుక్కు రమ్మంది.