స్తంభానికీ స్తంభానికీ మధ్య పరుగు

నాకు ముప్పై నాలుగేళ్ళకే బొజ్జ వచ్చింది. డ్రాయింగ్ ఆఫీసు ఉద్యోగం. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని గీతలు గియ్యడం, మధ్యమధ్య సిగరెట్టు. ప్లాంటు కాలనీ సెక్టర్ రెండులో మాది పైవాటా. మెట్లెక్కి ఇంట్లోకొస్తే, మా ఆవిడ మంచినీళ్ళు ఇచ్చేదాకా నోట మాట వచ్చేది కాదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. తరవాత జరిగినదాంట్లో తప్పెవరిదన్నదే నా గోలంతా.

కిందవాటా ఆయన్ని అన్నా అనేవాణ్ణి. తాతలనాటి నుంచీ వాల్తేరులో రైల్వే కుటుంబం, ఈయనొక్కడే ఇంతదూరం, ఈ హిందీవాళ్ళ ఊళ్ళో ప్లాంటుకొచ్చాడు. వాళ్ళు చర్చికెళ్ళేవాళ్ళు, మేం పూజలు చేసుకునేవాళ్ళం. ఆదివారం కూరగిన్నెలు మాత్రం మెట్ల మీద పైకీ కిందకీ తిరుగుతుండేవి.

అలాంటి ఒక ఆదివారం, భోజనాలయ్యాక, ఆయన భార్య పిలిచింది. నేను వదినా అంటాను ఆవిణ్ణి. దిగి చూస్తే అన్న ఛాతీ పట్టుకుని మంచం మీద ఉన్నాడు, బనీను చెమటకి తడిసిపోయింది. గ్యాసనుకుని అప్పటికే వాము నీళ్ళు పట్టింది వదిన. "అంబులెన్సు తీసుకొస్తాను" అన్నాను. మా వీధిలో ఎవరింట్లోనూ ఫోను లేదు. నా సైకిలు రిపేరుకిచ్చాను. ఆయన స్కూటరుంది గాని నాకు తోలడం రాదు. పరిగెత్తాను.

మూడు కరెంటు స్తంభాలు దాటానో లేదో, గేటు దగ్గరనుంచి వదిన కేకేసింది. "మెడికల్ బుక్కు మర్చిపోనావు బాబూ!"

వెనక్కి తిరిగాను. ఇప్పటివాళ్ళకిది వెర్రితనంలా ఉంటుంది. మేం అలా బతికాం. పాలకి కార్డు, బియ్యానికి కార్డు, గేటుకి పాసు, జ్వరమొస్తే ఆస్పత్రిలో చూపించడానికి ఈ బుక్కు. కాగితం చేతిలో లేకుండా ఒకరి ముందు నిలబడడం మాకు తెలీదు. బుక్కు ఎంతకీ కనబడలేదు. అలమార వెతికింది, ట్రంకుపెట్టె వెతికింది, చివరికి బీరువాలో చీరల కింద దొరికింది. అంతసేపూ నేను గడపలో నిలబడి చూస్తున్నాను. తరవాత మళ్ళీ పరిగెత్తాను. పరుగంటే ఏం పరుగు, నా మొహం. దారిలో మూడుచోట్ల ఆగి రొప్పాను. ఆస్పత్రిలో నర్సు బుక్కు వైపు చూడనైనా లేదు, "ముందు ఇల్లెక్కడో చెప్పండి" అంది హిందీలో. అంబులెన్సులో మేం తిరిగొచ్చేసరికి అన్న పోయాడు.

నాకు ఏడుపు రాలేదు. సమాధిలో మట్టివేసి వచ్చి స్నానం చేశాను. ఆకలేసింది, అన్నం తిన్నాను. మా ఆవిడ నావైపు అదోలా చూసింది. చూస్తే చూసింది, నాకేమీ అనిపించలేదు.

వదినకి ఆఫీసులో చిన్న ఉద్యోగం ఇచ్చి ఆ వాటాలోనే ఉండనిచ్చారు. ఆవిడ చిక్కిపోయింది. రాత్రిళ్ళు దీపం ఆర్పేది కాదు. బుక్కు మాట ఆవిడెత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ రెండు ఆలస్యాలున్నాయని ఇద్దరికీ తెలుసు. ఒకటి నా ఆయాసం, ఒకటి ఆవిడ కేక. ఏది పెద్దదో తేల్చుకోవాలని నాకు పట్టుకుంది. అది తేలాలంటే ఆ దారంతా ఒక్కసారైనా ఆగకుండా పరిగెత్తి చూడాలి.

పొద్దున్నే స్కూలు గ్రౌండులో తిరగడం మొదలుపెట్టాను. అక్కడ పిల్లల్ని పరిగెత్తించే మాజీ మిలిటరీ సర్దార్జీ నాలుగురోజులు నన్ను చూసి, "బాబూజీ, పెళ్ళి ఊరేగింపులో నడుస్తున్నారా?" అన్నాడు. ఆయన చెప్పిన పద్ధతి ఇది. ముందు కాసేపు నడిచి ఒళ్ళు వేడి చేసుకోవాలి. తరవాత రోడ్డు పక్క ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా, వెనక కుక్క పడ్డట్టు, ఉన్న సత్తువంతా పెట్టి పరిగెత్తాలి. ఆపైన మూడు స్తంభాలు నింపాదిగా నడవాలి, మాట్లాడగలిగేదాకా. మళ్ళీ పరుగు. ఇలా ఆరుసార్లు, రోజు విడిచి రోజు. నేను తెలివి ఉపయోగించి నడక తగ్గించాను. నాలుగో పరుగుకి కాలవ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాను. "విశ్రాంతి కూడా పనే, అది దొంగిలించకు" అని తిట్టాడు సర్దార్జీ.

నెల తిరిగేసరికి మెట్లెక్కి కూడా మాట్లాడుతున్నాను. సిగరెట్టు దానంతటదే తగ్గింది. పడుకుంటే ఒళ్ళు తెలియని నిద్ర. ప్యాంట్లన్నీ నడుం దగ్గర కుట్టించుకోవలసి వచ్చింది. డాక్టరు నాడి పట్టుకుని, గుండె నిదానంగా కొట్టుకుంటోంది, రక్తపోటు దిగింది, ఏం చేస్తున్నావయ్యా అన్నాడు. పరిగెడుతున్నానన్నాను. ఎందుకో అడగలేదు.

ఏడాదయ్యాక ఒక ఆదివారం, వాచీ చేత్తో పట్టుకుని, మా గేటు నుంచి ఆస్పత్రి దాకా ఎక్కడా ఆగకుండా పరిగెత్తాను. మర్నాడు అదే దారిలో, అన్న పోయిన రోజులాగే ఈడ్చుకుంటూ, అప్పుడు ఆగినచోటల్లా ఆగుతూ వెళ్ళాను. రెండింటికీ తేడా చూస్తే, నా ఆయాసం మింగింది మూడు నిమిషాలు. బుక్కు కోసం గడపలో నిలబడ్డ కాలం, ఎలా లెక్కేసినా, అంతకి మూడింతలు. వెనక్కి తిరిగిన కాళ్ళు నావే, కాదనను. అయినా తేలింది కదా, మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఏమీ లేదు. ఇంటికొచ్చి పేపరు చదువుకున్నాను.

ఆ వారంలోనే వదిన గేటు దగ్గర నన్నాపింది.

"అలా పరిగెడతావేటి బాబూ, వానైనా ఎండైనా?"

"ఊరికే వదినా. ఆరోగ్యానికి."

"అబద్ధం సెప్పకు." గేటు కడ్డీ పట్టుకుని ఉంది, చేతిమీద నరాలు తేలిపోయి ఉన్నాయి. "నేను కేకెయ్యకపోతే ఆయన దక్కునా?"

"నీ కేకకేటయింది వదినా? బుక్కు నిమిషంలో దొరికింది. దారిలో నేనే మూడుచోట్ల కూలబడ్డాను. ఇప్పుడున్న ఊపిరి ఆరోజుంటే అందుకుందుము. అందుకే పరిగెడుతున్నాను."

ఆవిడ కడ్డీ వదిలేసింది. తరవాత ఏడాదిగా లేని ఏడుపు వచ్చింది ఆవిడకి. నా బొజ్జనీ, నా సిగరెట్లనీ, నా బతుకునీ తిట్టింది. వీధంతా వినేటట్టు తిట్టింది. తలుపేసుకుంది.

తరవాత ఆవిడ నాతో మాట్లాడలేదు. అన్నం సరిగ్గా తింటోందనీ, దీపం తొందరగా ఆర్పేస్తోందనీ మా ఆవిడ చెప్పింది. నేను పరుగు మానలేదు, మానితే నా మాట మీద ఆవిడకి అనుమానమొస్తుంది. అప్పటికి నాకు ఎంత దూరం ఉరికినా ఊపిరి చెక్కుచెదిరేది కాదు. అయినా ఆవిడ వరండాలో ఉన్నప్పుడు మా గేటు దగ్గర ఆగి, ఆవిడకి వినబడేటట్టు రొప్పేవాణ్ణి.