నాయన కారు బుష్షులు మార్చిన ఆదివారం

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం మధ్యాహ్నం, మూలకుళంలో మా ఇంటి వాకిట్లో నాయన తన పాత నల్ల కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. నేను పక్కన కూర్చుని రాయితో కుంకుడుకాయలు కొడుతున్నాను.

కుంకుళ్ళు తలకు కాదు... కారుకు. వెనక చక్రాల దగ్గర కమాను పట్టీలు ఉంటాయి కదా, వాటి చివర్లలో ఇనుము ఇనుముకు కొట్టుకోకుండా మందపాటి రబ్బరు బుష్షులు ఉంటాయి. అవి అరిగిపోతే గుంతలో పడినప్పుడల్లా దడ్ దడ్ మని చప్పుడు. కొత్త రబ్బరు లోపలికి జారడానికి నూనె రాస్తే ఉబ్బిపోతుందని నాయన కుంకుడు రసం రాసేవాడు.

ఆ చప్పుడు మొదట కనిపెట్టింది కూడా నేనే. "దీనిది మెకానిక్ చెవి" అన్నాడు నాయన. ఆ ఒక్క మాటకు వారం రోజులు నా కాళ్ళు నేల మీద నిలవలేదు...

ఆ కారే మా బతుకు. రోజూ పొద్దున సారం అనే పేటలో ఒక ఆఫీసరు గారి ఇద్దరు ఆడపిల్లల్ని ఎక్కించుకుని టౌనులో బడికి దించేవాడు నాయన. ముందు సీట్లో నేను. నాదీ అదే బడి. ఆ బాడుగ ఉంటేనే నాకు చదువు... అంత దూరం ఆడపిల్లను నడిపించి పంపే ఇల్లు కాదు మాది. అందుకే ఆ రోజు బుష్షులు సరిగా కూర్చోవాలని దేవుడికి మొక్కుకుంటూనే ఉన్నాను. నాకు భయం అప్పటినుంచే ఎక్కువ.

నాయన నిదానంగా చేసే మనిషి. కానీ ఆదివారం నాలుగున్నరకు రాహుకాలం. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, అరుగు మీద కూర్చుని లోపల గోడ గడియారం చూసి రమ్మని మా అమ్మను ఊరికే తిప్పుతోంది.

"ఒరే గోవిందూ, యాడికి వచ్చిందిరా పని?"

"అయిపాయమ్మా. కారు దించినాక బిగించాల. కొంచెం ఆగు."

"రాహుకాలంలో బోల్టు బిగించేదేందిరా? ముందు బిగించెయ్. దించేది తర్వాత దించుకో."

నాయన తన తల్లి మాటకు ఎదురు చెప్పడు. కారు ఇంకా జాకీ మీదే ఉంది, చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి... అట్లాగే బోల్టులన్నీ బిగించేశాడు.

అప్పుడే అవ్వ నీళ్ళు అడిగింది. చెంబు తీసుకుని పరుగెత్తాను. గోనెపట్టా మీద వరసగా పరిచిన స్పానర్లను చూసుకోలేదు... దాటేశాను.

"చూస్తివా, మొగోళ్ళ పనిముట్లు దాటేసిందే" అంది అవ్వ. ఆడది దాటితే చేసిన పని చెడుతుందని ఆమె నమ్మకం. నాయన నవ్వి ఊరుకున్నాడు.

రెండు నెలలు కాలేదు. మళ్ళీ దడ్ దడ్. ముందుకంటే ఎక్కువ. వెనక కూర్చున్న పిల్లలకు వినపడకూడదని నేను ముందు సీట్లో గొంతెత్తి ఎక్కాలు చదివేదాన్ని. కానీ ఒకరోజు ఆఫీసరు గారే కారెక్కారు. దిగేటప్పుడు నెమ్మదిగానే అన్నారు. "గోవిందూ, ఇట్ల కొట్టుకునే బండిలో ఆడపిల్లల్ని ఎట్లయ్యా పంపేది? వేరే కారు మాట్లాడినాను."

ఇంటికొచ్చి నాయన విప్పి చూస్తే కొత్త రబ్బర్లు చీలిపోయి ఉన్నాయి.

"చీలకుండా ఎట్లుంటాదిరా? ఆ పొద్దు ఇది దాటింది" అని అవ్వ నన్ను చూపించింది.

"దానికేం తెలుసత్తా, చిన్నబిడ్డ" అంది అమ్మ.

నేను నాయన ముఖం చూశాను... చీలిన రబ్బరును చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు. అవుననలేదు. కాదనలేదు.

బాడుగ పోయింది. కారు అమ్మేసి నాయన ఇంకొకరి దగ్గర డ్రైవరుగా చేరాడు. నా చదువు ఆరో క్లాసుతో ఆగింది.

"దాటింది" అనే మాట మాత్రం నాతో అత్తగారింటికి కూడా వచ్చింది. మిక్సీ ఆగినా, మోటారు నీళ్ళు లాగకపోయినా, మనవడికి జ్వరం వచ్చినా... నేను దేన్నైనా దాటానా అని ముందు నా కాళ్ళవైపే చూసుకుంటాను. నేల మీద చీపురు ఉన్నా చుట్టూ తిరిగి పోతాను. ఇంట్లో వాళ్ళకు నవ్వులాట.

పోయిన నెల, ఇప్పుడు మేముండే నటేశన్ నగర్‌లో, పక్కింటి ఎస్. మురళి తన పాత కారును గేటు ముందు జాకీ మీద ఎత్తాడు. ఫోన్లో చూసి బుష్షులు తనే మార్చుకుంటాడట. నాకు మనసు ఆగలేదు. వెళ్ళి నిలబడ్డాను.

"నాయనా, చక్రానికి రాయి పెట్టినావా?"

"పెట్టినా పెద్దమ్మా. మీరు అడుగుతారనే రెండు పెట్టినా."

కొత్త బుష్షులు వేసి, చక్రం తగిలించి, కారు దించాడు. దించాక స్పానర్ తీసుకుని మళ్ళీ కిందకి దూరాడు.

"దించేసినాక ఇంకేంది?"

"ఇప్పుడే పెద్దమ్మా కడపటి బిగింపు. బరువు చక్రాల మీద పడినాకనే బిగించాల. ఎత్తినప్పుడే బిగిస్తే, దించినాక రబ్బరు మెలి తిరిగి అట్లనే ఉండిపోతాది. కొన్నాళ్ళకి చీలిపోతాది."

"ఎవురన్నా స్పానర్లు దాటినా చీలతాదా?"

"దాటితే కాలికి తగుల్తాది పెద్దమ్మా. రబ్బరుకేం?"

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

దించినాక బిగించాలని ఆ రోజు నాయన తన నోటితోనే అన్నాడు కదా... అంటే ఆయనకు తెలుసు. చీలిన రబ్బరు చేతిలో పట్టుకున్నప్పుడే తెలుసు. తల్లిని తప్పు పట్టలేక, పదకొండేళ్ళ కూతురి మీద ఆ తప్పును ఉండనిచ్చాడు. మా నాయన చెడ్డవాడు కాదు... నన్ను ఎప్పుడూ కొట్టలేదు కూడా. అయినా ఈ నెల రోజులుగా ఆయన పటానికి పూలు పెట్టబోతే చెయ్యి ఆగుతోంది.

ఇప్పుడు ఏది చెడినా పిల్లలు ఫోన్లో కారణం వెతుకుతున్నారు... అప్పుడు మా ఇళ్ళల్లో మనిషిని వెతికేవాళ్ళు. ఎక్కువగా ఆడపిల్లే దొరికేది.

మీకూ చిన్నప్పుడు ఇట్లా నెత్తిన పెట్టిన తప్పు ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి... పెట్టినవాళ్ళు ఇంకా ఉంటే మాత్రం, ముందు పోయి వాళ్ళనే అడగండి. నాకు అడగడానికి ఎవరూ మిగల్లేదు.