దోసిట్లో మిగిలిన మందు

నా చిన్నప్పుడు మా తిరువూరులో ఒక డాక్టరు గారి ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు, ఆ స్థలంలో సిమెంటు కొట్టు వచ్చింది. అక్కడ మందులిచ్చే గదికి రెండు కిటికీలు. వీధి వైపుది ఊళ్ళో వాళ్ళకి, పెరటి వైపుది మా మాలపల్లె వాళ్ళకి. అలాగని బోర్డేమీ లేదు. ఎవరూ చెప్పకుండానే మా అమ్మ కాళ్ళు పెరటి వైపు తిరిగేవి.

ఏ సంగతైనా తేదీతో సహా రాసిపెట్టుకోవడం నాకు తర్వాత అబ్బిన గుణం. అందుకే ఇది వరి కోతల కాలమనీ, నేను మూడో తరగతి అనీ మాత్రమే చెప్పగలను. నాకు చలిజ్వరం పట్టుకుంది. ఒక రోజు విడిచి ఒక రోజు, మధ్యాహ్నమయ్యేసరికి పళ్ళు టకటక కొట్టుకునేంత వణుకు వచ్చేది. మందు చేదు కాబట్టి ఇంటికిస్తే పిల్లలు తాగరని, రోజూ వచ్చి కిటికీ దగ్గరే తాగాలనేవారు. వీధి వైపు వాళ్ళకు చిన్న గాజు గ్లాసులో ఇచ్చేవారు. మా వైపు అదే గ్లాసుతో కొలిచి, మాకు తగలకుండా పైనుంచి దోసిట్లో పోసేవారు. మేము గబగబా తాగి, చేతులు పావడాకు తుడుచుకుని వచ్చేసేవాళ్ళం.

జ్వరం తగ్గలేదు. పాత కాంపౌండరు గారు ఆ మాటే లోపలికి చేరవేస్తే, డాక్టరు గారు వరండాలో నుంచే నన్ను చూసి, "మీవి మొరటు ఒళ్ళే, మామూలు మందు పట్టదు" అని డోసు పెంచి రాశారు. మా అమ్మ అది నమ్మింది. నేనూ నమ్మాను. పల్లెలో మాత్రం ఈ పిల్ల దక్కదని గుసగుసలు మొదలయ్యాయి. అమ్మ కోత పని మానేసి, రాత్రీ పగలూ నా పక్కనే కూర్చుని ప్రార్థన చేసేది.

ఆ వారమే పాతాయన వెళ్ళిపోయి, ఆ గదికి కొత్తాయన వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆయన్ని మేము మందుల సారు అనేవాళ్ళం. మా చీటీ చూసి, నన్ను చూసి, మళ్ళీ చీటీ చూశారు.

"ఏమ్మా, ఈ డోసు నీక్కాదు కదా? ఈ పిల్లకేనా?"

"పిల్లకేనయ్యా. మా ఒళ్ళకి మందు పట్టదంట."

ఆయన చీటీ పక్కన పెట్టారు. గ్లాసు నిండా మంచినీళ్ళు కొలిచి, మందు ఎలా తాగుతావో చూపించమన్నారు. నేను అలవాటుగా దోసిలి పట్టాను. పోశారు. తాగబోతుంటే, "ఆగు పాపా, మళ్ళీ ఈ గ్లాసులోనే పొయ్యి" అన్నారు. దోసిలి వంచి పోశాను. గ్లాసు సగం కూడా నిండలేదు. మిగతా నీళ్ళు నా మోచేతుల మీదుగా కారి, మా అమ్మ కాళ్ళ దగ్గర మడుగు కట్టాయి.

"చూశావా తల్లీ, మందు నీ పిల్లకి పట్టకపోవడం కాదు. నీ పిల్ల దాకా రావడం లేదు."

మా అమ్మ ఆ తడి నేల వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆయన చీటీ, గ్లాసు పట్టుకుని డాక్టరు గారి గదిలోకి వెళ్ళారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కాసేపటికి డాక్టరు గారు బయటికొచ్చి, మొదటిసారి నా చెయ్యి పట్టుకుని నాడి చూసి, చీటీ మార్చి రాశారు. పెంచిన ఆ డోసు ఎప్పుడైనా పూర్తిగా నా కడుపులోకి వెళ్ళుంటే ఏమయ్యేదో పెద్దయ్యాక గాని నాకర్థం కాలేదు.

మర్నాడు వెళ్ళేసరికి పెరటి కిటికీ మూసి ఉంది. సందులోంచి చూస్తే, లోపల దానికి అడ్డంగా పైదాకా మందుల పెట్టెలు పేర్చి ఉన్నాయి. "గది ఇరుకైపోయింది, సామాను పెట్టుకోవడానికి చోటు లేదు, అందరూ ఇటే రండి" అని మందుల సారు వీధి వైపు నుంచి కేకేశారు. వరుసలో మా వెనక మిల్లు యజమాని గారి భార్య ఉంది. నేను గ్లాసు అందుకోగానే ఆవిడ గొంతు లేచింది.

"ఏంటయ్యా, ఆ గ్లాసే మాకూ ఇస్తావా?"

"మరిగే నీళ్ళలో ముంచి తీస్తున్నానండి, చూస్తున్నారుగా. అయినా మనసొప్పకపోతే ఇంటి నుంచి మీ గ్లాసు తెచ్చుకోండి. కొలిచి పోస్తాను."

ఆవిడ నిజంగానే వెండి గ్లాసు తెచ్చింది. కొన్నాళ్ళు రోజూ మోసుకొచ్చింది. తర్వాత ఆ మోత ఎందుకనుకుందో ఏమో, మానేసింది.

నా జ్వరం దిగింది. ఆఖరి మందు తాగిన రోజు సారు నన్ను లోపలికి పిలిచి, ఒక పెట్టె పక్కకి జరపమన్నారు. బరువుగా ఉంటుందని రెండు చేతులూ ఆనించి గట్టిగా తోశాను. అది సర్రున జారిపోయింది, నేను దాని మీద బోర్లా పడ్డాను. ఖాళీ పెట్టె! పైది తట్టి చూశాను, అదీ ఖాళీయే. ఆయన పెదాల మీద వేలు పెట్టుకుని నవ్వారు. ఆ గుట్టు మా అమ్మకు కూడా చాలా ఏళ్ళ తర్వాతే చెప్పాను. ఆయన ఏ దేవుణ్ణి కొలిచేవారో మాకు తెలియదు. అయినా మా అమ్మ బతికినన్నాళ్ళూ ఆదివారం ప్రార్థనలో ఆయన పేరు తలచుకునేది.

నేను లెక్కల టీచరునయ్యాను. ఎ.కొండూరు వైపు ఒక బడిలో, ఫలానా పల్లె పిల్లలకి లెక్కలు పట్టవండీ అని తోటి టీచరు ఒకాయన అంటే, నా మోచేతులు తడిసినట్టయింది. ఆయనతో వాదించలేదు. ఆ పిల్లలు ఎక్కడ కూర్చుంటున్నారో చూశాను. ఆఖరి వరుసలో, స్తంభం చాటున. బోర్డు సగమే కనిపిస్తుంది. ఫ్యాను గాలికి నాకు తలనొప్పి వస్తోందని చెప్పి, నా బల్లను, బోర్డును స్తంభం అడ్డు రాని వైపుకు మార్పించుకున్నాను.

నాకు తలనొప్పి ఏనాడూ లేదు. అది నా ఖాళీ పెట్టె.