నాలుగు సంచుల మామ

మా అన్న సీతాపతి పోయినా ఆయన ఫోటో ఇంకా ఊళ్ళో తిరుగుతూనే ఉంది. నిన్న నా ఫోన్‌కే వచ్చింది. మా వీధి గ్రూపులో, ఎవరో రెండు బళ్ళ చోటులో ఒక్క బండి అడ్డంగా పెట్టారని, మేడ మీద కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి పెట్టింది. అందులో ఉన్నది మా అన్న అని ఆ అమ్మాయికి తెలియదు. నేను చూసి ఫోన్ బోర్లించి పెట్టాను. కాసేపటికి లేచి బియ్యం కడిగాను.

ఫోటోలో అన్న కల్యాణ మండపం మెట్లు దిగుతుంటాడు. నుదుట నామం, జరీ అంచు పంచె, చొక్కా గుండీల మధ్య నుంచి కనిపించే పొట్ట. నోటినిండా తాంబూలం. కుడిచేతిలో రెండు పసుపు సంచులు, ఎడమచేతిలో రెండు. ఎవరైనా చూస్తున్నారా అన్నట్టు కళ్ళు పక్కకు తిరిగి ఉంటాయి. ఆ కళ్ళే జనానికి నచ్చాయి.

పెళ్ళికి వెళ్ళి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఇచ్చే సంచులవి. ఒక కొబ్బరికాయ, నాలుగు తమలపాకులు, వక్కపొట్లం. ఇంటికి ఒకటి అని లెక్క. మా అన్న ఆ లెక్కలో ఎప్పుడూ ఇమడలేదు. పెద్ద మార్కెట్టు పక్క వీధిలో ఆయనకు పూజ సామాన్ల అంగడి ఉండేది. పెళ్ళిలో వచ్చిన కాయను మర్నాడు అంగడి ముందువరసలో పెట్టేవాడు. వసంతకుమారి వదిన సిగ్గుపడేది.

"దేవుడికి ఒకసారి చూపించిన కాయ మళ్ళా చూపిస్తే తప్పేంది? ఆయన గుర్తు పట్టి అడుగుతాడా?" అనేవాడు.

ఆ ఫోటో తీసింది మా అమ్మాయి అనూహ్య. వెంకటసాయి అని మా పెదనాన్నగారి మనవడి పెళ్ళిలో, మేడ మీద నిలబడి తీసింది. అప్పుడు దాని ఉద్యోగం మేట్టుపాళయంలో, ఒక ప్యాకింగ్ కంపెనీ ఆఫీసులో. అక్కడ ఎవరో టీతో పాటు వచ్చిన బిస్కెట్ పొట్లాలన్నీ తమ సొరుగులోకి తోసుకున్నారట. అనూహ్య ఈ ఫోటో మీద "మామకు ఒకటి చాలదు" అని రాసి వాళ్ళ గ్రూపులో పెట్టింది. మాది తమిళ ఊరు కాబట్టి మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గానీ చదివేవాళ్ళు తక్కువ. అందుకని ఆ తెలుగు మాట తమిళ అక్షరాల్లో రాసింది. పక్క సీటు పిల్ల దాన్ని తమిళంలోకి మార్చి వాళ్ళ అన్నకు పంపింది.

ఆ తర్వాత అది ఎవరి చేతిలోనూ లేదు. వీధి కుళాయికి మోటారు బిగించి నీళ్ళన్నీ లాగేవాడి మీద ఒకరు పెట్టారు. పిళ్ళైచావడిలో సముద్రం ఒడ్డున అందరి చోటూ ఆక్రమించి వల ఆరేసినవాడి మీద ఒకరు. బస్సులో తువ్వాలు పరిచి సీటు పట్టేవాళ్ళ మీద, గుడిలో ప్రసాదానికి రెండోసారి వరసలో చేరేవాళ్ళ మీద. ఎలక్షన్లప్పుడు సంచుల మీద పార్టీ రంగులు పూశారు. అన్ని పార్టీల రంగులూ పూశారు. చివరికి ఫోటో అక్కర్లేకుండా పోయింది. ఎవరైనా ఎక్కువ తీసుకుంటే "ఏమిటి, నాలుగు సంచులా?" అంటే చాలు. ఫోన్ లేనివాళ్ళు కూడా అనేవాళ్ళు.

అన్న ఆ మాట మొదట విన్నది ముదలియార్‌పేట బస్సులో. ఆయనది బటన్ల ఫోను, బొమ్మలు వచ్చేవి కావు. నాకూ అప్పటికి ఆ ఫోటో చేరలేదు. నేరుగా మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు. నేను ఇంట్లో చిన్నదాన్ని కాబట్టి యాభై దాటినా నన్ను పాపా అనే పిలిచేవాడు.

"పాపా, ఎవురో మామంట. పెండ్లిలో నాలుగు సంచులు ఎత్తుకోని పోయినాడంట. కండక్టరు ఆ మాట అనేసరికి బస్సంతా నవ్వింది. నాకు నవ్వి నవ్వి కండ్లల్లో నీళ్ళొచ్చినాయి."

అనూహ్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో అప్పుడు నాకు తెలియలేదు.

ఆ మాట అన్నకు బాగా పట్టుకుంది. అంగట్లో, ఇంట్లో, అన్నిటికీ అదే. కొత్త సంవత్సరానికి వాడుక మనుషులకు అంగడి పేరుతో క్యాలెండరు ఇవ్వడం ఆయనకు అలవాటు. మారిముత్తు అని చాలాకాలంగా కర్పూరం కొనే మనిషి తమ్ముడికని ఇంకొకటి అడిగాడు.

"ఏంది మారిముత్తూ, నాలుగు సంచులా?" అన్నాడు అన్న.

మారిముత్తు వెంటనే నవ్వలేదట. "అన్నా, తెలిసే అంటున్నారా, తెలియక అంటున్నారా?" అని ఫోన్ తీసి చూపించాడట.

అన్న ఆ ఫోటోను చాలాసేపు చూశాడని మారిముత్తే తర్వాత నాకు చెప్పాడు. చూసి, అడిగిన రెండో క్యాలెండరు చుట్టి ఇచ్చాడట.

అప్పటినుంచి పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు. వదిన ఒక్కతే మోకాళ్ళు పట్టుకుని వెళ్ళి వచ్చేది. అంగట్లో కుర్చీని అగరుబత్తీల అల్మారా వెనక్కి జరుపుకున్నాడు. గిరాకీ వస్తే చేయి మాత్రం బయటికి వచ్చేది.

ఇంతలో అనూహ్య పెళ్ళి కుదిరింది. దాని తండ్రి అది స్కూల్లో ఉండగానే పోయారు. మా ఇళ్ళలో పెళ్ళికూతురిని వెదురుబుట్టలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకు వస్తాడు. వెనక ఎవరు పట్టినా ముందు పట్టు మేనమామదే. దానికి ఉన్నది ఒక్క మేనమామ. ముహూర్తం పెట్టుకున్నాక నేను అంగడికి వెళ్ళి చెప్పాను.

"బుట్ట ఇంకెవురన్నా పట్టనీ పాపా," అన్నాడు అల్మారా వెనకనుంచి.

"ఇంకెవరున్నారు అన్నా?"

"నేనొస్తే సెల్లులన్నీ పైకి లేస్తాయి. పెండ్లికూతుర్ని ఎవురూ చూడరు, నన్ను చూస్తారు. నాయన లేని బిడ్డ. దాని పెండ్లి నవ్వులాట కాకూడదు. నేను వంటకాడ ఉంటా. ఆడ ఎవురూ ఫోటో తీయరు."

అప్పుడే ఆ ఫోటో సంగతి నాకు మొత్తం చెప్పాడు. ఇంటికి వచ్చి అనూహ్యకు చెప్పాను. అది గోడకు ఆనుకుని నిలబడి విన్నది.

"అది చేసింది నేనే అమ్మా," అంది.

దానికి తెలియని సంగతి ఒకటి ఉంటే అది మాత్రం చెప్పాను. భర్త పోయిన ఆడది తాంబూలానికి చేయి చాచదు. ఇప్పుడు గుమ్మం దగ్గర కూర్చున్న పిల్లలు ఎవరినీ ఏమీ అడగరు, వచ్చినవాళ్ళందరికీ ఇస్తారు. అయినా నేను చాచను. భోజనం చేసి పక్క తలుపులోంచి వచ్చేస్తాను. ప్రతి పెళ్ళి తర్వాతా అన్న ఒక సంచి తెచ్చి మా గుమ్మంలో పెట్టి, "కాయ ఉండాది, పచ్చడి నూరుకో," అని వెళ్ళిపోయేవాడు.

"ఆ నాలుగులో ఒకటి ఆయనది," అన్నాను. "ఒకటి మోకాళ్ళ నొప్పితో ఆ పెళ్ళికి రాలేని మీ అత్తది. ఒకటి ఇక్కడికి వచ్చింది. నువ్వూ తిన్నావు."

"నాలుగోది?"

"నాలుగోది అంగడికి పోయింది."

అది నిజం. ఫోటో అబద్ధం ఏమీ చెప్పలేదు.

మర్నాడు ఇద్దరం అంగడికి వెళ్ళాం. అన్న కర్పూరం పొట్లాలు కడుతున్నాడు. అనూహ్య అల్మారా పక్కకు వెళ్ళి నిలబడింది.

"మామా, ఆ ఫోటో తీసింది నేను. దాని మీద రాసింది కూడా నేనే."

అన్న చేతిలోని పొట్లం కట్టడం పూర్తిచేశాడు. దారం పళ్ళతో తెంపాడు.

"పొట్ట కొంచెం తగ్గించి తీసుండచ్చు కదా," అన్నాడు.

"మామా."

"దాన్ని తీసెయ్యి మరి."

"తీయలేను మామా. నా ఫోన్లో ఎప్పుడో తీసేసినా. అది ఇప్పుడు అందరి దగ్గరా ఉండాది. యాడ నుంచని తీసేది?"

అన్న ఇంకో పొట్లం కట్టాడు. ఒకావిడ వచ్చి కుంకుమ అడిగితే ఇచ్చాడు.

"నువ్వు చేసినావు కాబట్టి సరిపోయింది," అన్నాడు చివరికి. "ఎవురో బయటోడు చేసినాడనుకున్నా. బయటోడు నన్ను అట్లా చూసినాడే అని ఇన్నాళ్ళూ లోపల కుములుతా ఉంటి." మళ్ళీ దారం అందుకుని, "నీ బరువెంత బిడ్డా ఇప్పుడు? వెనక పట్టే ఆ వెంకటసాయికి నడుం నొప్పి. ముందు పట్టు నాదే గదా," అన్నాడు.

పెళ్ళిరోజు అన్న చెప్పినట్టే అయింది. బుట్ట తలుపు దాటగానే ఫోన్లన్నీ పైకి లేచాయి. పెళ్ళికొడుకు తరఫు కుర్రాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. "అదే మామ రా" అని ఎవరో అన్నారు, బాగానే వినబడింది. అన్న మెడ ఎర్రబడింది. తల ఎత్తలేదు, నడక ఆపలేదు. బుట్టలో అనూహ్య చేయి చాచి ఆయన భుజం మీద పెట్టి ఉంచింది. మండపం దగ్గర దించేసరికి అన్నకు ఊపిరి అందలేదు. నేను దూరంగా స్తంభం దగ్గర నిలబడి చూశాను.

భోజనాలయ్యాక చూస్తే, గుమ్మం దగ్గర సంచులు ఇచ్చే బల్ల వెనక అన్న కూర్చుని ఉన్నాడు. అక్కడ ఉండాల్సిన పిల్లలను తినమని పంపేశాడట. వచ్చినవాళ్ళకు తన చేత్తోనే ఒక్కో సంచి ఇస్తున్నాడు.

"ఒకటే అయ్యా. రెండు అడిగితే ఫోటో తీస్తా," అంటున్నాడు. జనం నవ్వి, తీసుకుని, పోతున్నారు. ఇందాక మోచేత్తో పొడుచుకున్న కుర్రాళ్ళు వచ్చి ఆయన పక్కన నిలబడి ఫోటో దిగుతామన్నారు. దిగనిచ్చాడు.

రద్దీ తగ్గాక, వంట కాంట్రాక్టరు ధనపాల్ వచ్చి బల్ల కింద చూశాడు.

"సార్, మీ పుణ్యమా అని ఈ మధ్య ప్రతి పెళ్ళిలోనూ సంచులు మిగిలిపోతున్నాయి. ఇంకో చేయి చాచడానికి జనం భయపడుతున్నారు," అన్నాడు.

"మిగిలినవి ఏం చేస్తాండారు?" అన్నాడు అన్న. అంగడివాడి గొంతుతోనే అడిగాడు.

ఒక సంచి పక్కన పెట్టి ఉంచాడు. అది తెచ్చి నా చేతికి ఇచ్చాడు. అందరి ముందూ ఇచ్చింది అప్పుడే.

ఆ ఏడాదే, వానలు మొదలైన రోజుల్లో, అన్న అంగట్లో కాయల గంప మీదికి ఒరిగిపోయాడు. మారిముత్తు ఆటోలో తీసుకువెళ్ళాడు. నేను ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది. సాయంత్రానికి ఊళ్ళో ఎవరో ఆ ఫోటోనే పెట్టి, నాలుగు సంచుల మామ ఇక లేరు అని రాశారు. తెలియనివాళ్ళు వందలమంది దండాలు పెట్టారు. ఇంకెవరో ఆయన స్వర్గం గేటు దగ్గర నాలుగు సంచులతో నిలబడినట్టు బొమ్మ చేశారు. అనూహ్య ఏడుస్తూ అది నాకు చూపించింది. నేను చూశాను. బాగానే చేశారు. కళ్ళు అలాగే ఉన్నాయి.

కర్మకాండలయ్యాయి. వదిన అంగడి అద్దెకు ఇచ్చేసింది. ఇప్పుడక్కడ ఫోన్లకు అద్దాలు వేస్తారు.

పోయిన నెల మా చుట్టాలమ్మాయి ప్రవల్లిక పెళ్ళికి వెళ్ళాను. భోజనం చేసి అలవాటు ప్రకారం పక్క తలుపు వైపు నడిచాను. ఆ రోజు దానికి తాళం వేశారు. వెనక్కి తిరిగి ముందు గుమ్మం దగ్గరికి వచ్చాను. బల్ల దగ్గర ఉన్న అమ్మాయి సంచి పట్టుకుని నా వైపు చేయి చాచింది. నేను నిలబడ్డాను. ఇంక మా గుమ్మంలో ఎవరూ తెచ్చి పెట్టరు. చేయి చాచి తీసుకున్నాను.

"చాలా మిగిలినాయి పెద్దమ్మా. ఇంకొకటి తీసుకోండి," అంది ఆ అమ్మాయి.

"వద్దమ్మా. ఒకటే," అన్నాను.

బస్సులో సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాయ ఇంకా వంటింట్లో గట్టు మీదే ఉంది. పచ్చడి నూరుకోవాలి.