సూసన్ మేడమ్ పాలు విరగ్గొట్టిన రోజు

జగ్గయ్యపేటలో ఎక్కిన బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందా, సూసన్‌కు సగం పాఠం దారిలోనే తయారైపోతుంది. నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె బయోకెమిస్ట్రీ చెబుతుంది. పిల్లలకు ఆమె క్లాసంటే ప్రాణం. యాజమాన్యానికి మాత్రం ఏళ్ల తరబడి పార్ట్‌టైం మేడమే. వేసవి వచ్చిందంటే ఉండమంటారో పొమ్మంటారో తెలియని బతుకు.

ఆ రోజు కొత్త ల్యాబ్ ప్రారంభం. కరస్పాండెంట్ రామకోటేశ్వరరావు ఎదుట ఆమె పాఠం చెప్పాలి. నచ్చితే ఉద్యోగం పర్మినెంట్, లేదంటే ఆ కుర్చీ ఇంకొకరిది.

సూసన్ సంచిలో పచ్చి బొప్పాయి కాయ తెచ్చుకుంది. వాళ్లింట్లో ముదురు మటన్‌లో పచ్చి బొప్పాయి ముక్కలు వేస్తారు. మాంసాన్ని మెత్తబరిచేది ఆ కాయలోని ఎంజైమే. కానీ యాజమాన్యమంతా శాకాహారులైన ఈ కాలేజీలో మటన్ మాటెత్తితే ఇంకేమైనా ఉందా? అందుకని పాలతో సరిపెట్టుకుంది. గోరువెచ్చని పాలలో ఆ రసం పోస్తే ఇట్టే విరుగుతాయి. సగం కాయ తురిమి, రసం పిండి, సంగతంతా అటెండర్ సతీష్‌బాబుకు చెప్పి, గిన్నె అప్పజెప్పి పిల్లల్ని పిలుచుకు రావడానికి వెళ్లింది.

ఇంతలో కరస్పాండెంట్ గారి తల్లి వాసవాంబ వచ్చి, కొత్త గదిలో శాస్త్రానికి పాలు పొంగించింది. సతీష్‌బాబు అది చూసి కంగారుపడ్డాడు. పాలు పొంగిన చోటే పాలు విరగడమా! అంత అపశకునం జరిగాక మేడమ్‌కు ఉద్యోగం ఇస్తారా? సతీష్‌బాబు ఇంట్లో వాళ్లమ్మ ఉడికిన బొప్పాయిలో పాలు పోసి కూర చేస్తుంది, ఏనాడూ విరగలేదు. అదే ఉపాయం అనుకుని, ఎవరూ చూడకుండా రసాన్ని కుతకుతా మరిగించి, చల్లార్చి యథాస్థానంలో పెట్టాడు. మంచివాడే పాపం!

పాఠం మొదలైంది. సూసన్ రసం పోసింది. పాలు పాలలాగే ఉన్నాయి. కలిపింది. ఊహూఁ. పిల్లలు మొహాలు చూసుకున్నారు. కరస్పాండెంట్ గారు గొంతు సవరించుకున్నారు.

సతీష్‌బాబు ఇక ఆగలేకపోయాడు. “మేడమ్ గారూ, తప్పు నాదేనండి. శుభమా అని తెరుస్తా ఉంటే పాలు విరగకూడదని మరగబెట్టేశానండి.”

సూసన్‌కు ముందు ఏడుపొచ్చింది. ఆ వెంటనే నవ్వొచ్చింది.

“చూశారా పిల్లలూ! అమైనో ఆమ్లాలు గొలుసులా కలుస్తాయి. ఆ గొలుసు తనదైన తీరులో ముడుచుకుంటేనే ఎంజైమ్. మరిగించినా అమైనో ఆమ్లాలు ఎక్కడికీ పోలేదు, ఆ గిన్నెలోనే ఉన్నాయి. ముడత విడిపోయింది. దాంతో పనీ పోయింది.”

వాసవాంబ ముందుకు వంగింది. “అంటే కొట్టు తాళంచెవిని సుత్తితో సాపు చేసినట్టా? ఇనుము ఇనుమే గానీ తాళం తీయదు.”

“అచ్చం అంతేనండీ!”

“మరగబెట్టంది ఉందా అమ్మాయ్? అదీ చూద్దాం.”

“అమ్మా, పాలు విరిగితే...” అని రామకోటేశ్వరరావు నసిగారు.

“నువ్వుండరా. కావాలని విరగ్గొట్టేదానికి శకునమేంటి?”

మిగిలిన సగం కాయనూ సూసన్ తురిమి పిండింది. వాసవాంబ తన చేత్తోనే ఆ రసం పాలలో పోసింది. కాసేపటికి పాలు ముక్కలు ముక్కలుగా విరిగాయి. గది మొత్తం చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది సతీష్‌బాబే.

“మళ్లీ పాలు పొంగించాలేమోనే అమ్మా?” అన్నారు కరస్పాండెంట్ గారు, ఇంకా బెంగ తీరక.

“పాల సంగతి నేను చూస్తా. నువ్వు ముందు ఈ పిల్ల ఆర్డరు మీద సంతకం పెట్టు.”

సాయంత్రం బస్టాండు పక్కన సూసన్ ఇంకో పచ్చి బొప్పాయి కొని భర్త శాంతికుమార్‌కు ఫోన్ చేసింది.

“పర్మినెంట్ అయ్యా! మటన్ తీసుకురా. ముదురుదైనా ఫర్వాలేదు, బొప్పాయి తెస్తున్నా.”